పైదే చదివిన పెద్దక్క

మా లాండ్రీలో పెద్దక్క అందరికీ పెద్దక్కే. సూపర్వైజరుకీ పెద్దక్కే, దుప్పట్లు తక్కువ పడ్డాయని పైనుంచి గొడవకొచ్చే నర్సమ్మలకీ పెద్దక్కే. ఆఖరికి ఆవిడ మొగుడు కూడా ఫోన్ చేసి "పెద్దక్క ఉందా అండీ?" అనేవాడు. ఆయన ఓ పెద్ద ఆఫీసు బిల్డింగులో లిఫ్టు నడిపేవాడు. "రోజంతా పైకి పోతా, కిందకొస్తా, సాయంత్రానికి చూస్తే ఎక్కినచోటే ఉంటా" అని ఆయనే నవ్వేవాడు.

ఆసుపత్రి కింద, నేల లోపల ఉంటుంది మా లాండ్రీ. కిటికీలు పైకప్పుకి ఆనుకుని ఉంటాయి. వాటిలోంచి రోడ్డు మీద పోయేవాళ్ల కాళ్లు తప్ప ఇంకేం కనపడవు. కాళ్లని చూసి మనిషిని చెప్పడం మాకో ఆట. "అదిగో, కొత్త చెప్పులు, పుండు పడింది, కుంటుతోంది" అని పెద్దక్క అంటే, "నీ కాళ్ల సంగతి చూసుకో ముందు" అనేదాన్ని నేను.

నిజంగానే ఆవిడ కాళ్లు చూడలేకపోయేవాళ్లం. ఆవిడ పని రోలరు దగ్గర. రోలరంటే మనిషంత పొడుగు ఇనుప దిమ్మ, లోపలంతా ఆవిరి. ఉతికిన దుప్పటిని రెండు మూలలా పట్టుకుని ఇద్దరం ఇటునుంచి అందిస్తే, అటువైపు ఇద్దరు కాలుతున్నదాన్ని అందుకుని మడత పెడతారు. అందించేటప్పుడు పక్కకి జరగడానికి లేదు, కూర్చోవడానికి అసలే లేదు. పెళ్లయిన కొత్తలో వచ్చి అక్కడ నిలబడింది పెద్దక్క. కూతురు పుట్టింది, పెరిగింది, కూతురికి పెళ్లయింది, ఈవిడ మాత్రం అక్కడే నిలబడి ఉంది. పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బి, ముడులు పడిపోయాయి. ఇంటికెళ్లే ముందు బకెట్టు బోర్లించి, దాని మీద కాళ్లు పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేది. అప్పుడెవరూ పలకరించేవాళ్లం కాదు.

మా లాండ్రీ మొత్తంలో కుర్చీ ఉన్న పని ఒక్కటే. వెనక తలుపు దగ్గర, గాలి వచ్చే చోట, వార్డుల నుంచి వచ్చే మూటలు వేరుచేసే బల్ల. ప్రతి మూటకీ ఓ చీటీ కట్టి ఉంటుంది. అది చదివి, ఏ మూట ఏ తొట్టిలోకి పోవాలో చెప్పాలి. మూట విప్పకూడదు. రోగాలు అంటుకుంటాయని ఆ రూలు పెట్టారు. ఆ బల్ల దగ్గర ఓ ముసలాయన ఉండేవాడు, మేం చీటీల తాత అనేవాళ్లం. ఆయనకి కంటిచూపు తగ్గుతోందనీ, పని మానేస్తాడనీ అప్పటికే అందరికీ తెలుసు.

"ఒసేయ్, ఆ కుర్చీలో కూర్చోవాలే" అనేది పెద్దక్క నాతో. "రిటైరయ్యేలోపు ఒక్కసారైనా కూర్చుని జీతం తీసుకోవాలి."

"చదువొస్తే కదక్కా."

"అదేనే నా ఏడుపు."

ఆవిడకి అంకెలు తెలుసు. అక్షరాలు తెలియవు. నాకూ అంతే. చిన్నప్పుడు బడికి పోయినా, అక్షరాలు అబ్బకముందే మాన్పించేశారు. లాండ్రీలో ఆడవాళ్లందరిదీ అటూ ఇటూగా ఇదే కథ.

అలాంటి రోజుల్లో ఓ మధ్యాహ్నం ముగ్గురు ఆడపిల్లలు మెట్లు దిగి వచ్చారు. మెడలో నీలం రుమాళ్లు, చేతుల్లో నల్లబల్ల. ముందున్న పిల్ల సన్నగా, చాలా తెలివైన మొహంతో ఉంది. వెనకున్న ఇద్దరూ ఆ అమ్మాయి ఎటు తిరిగితే అటు తిరుగుతున్నారు. వాళ్ల బడిలో ఆడపిల్లల సేవా జట్టు ఉందట. అందులో పెద్ద పతకం కావాలంటే ఓ పిల్ల తనంతట తాను ఊరికి పనికొచ్చే పని ఒకటి అనుకుని, తోటివాళ్లని నడిపించి, ఇన్ని గంటలని చేసి చూపించాలట. ఈ అమ్మాయి అనుకున్న పని మాకు చదువు చెప్పడం.

"మధ్యాహ్నం మీరు భోజనం చేసే టైములో చెప్తాం. మీకు ఇష్టమైతేనే" అంది ఆ పిల్ల. తల నిటారుగా పెట్టుకునే అంది.

పెద్దక్క నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. "మాకు చదువా? ఈ వయసులో? తల్లీ, మా బుర్రలు రోలరు కింద పడి ఎప్పుడో చదునైపోయాయి" అంది. అందరం నవ్వాం. ఆ పిల్ల కూడా నవ్వి, "చదునుగా ఉంటే రాయడం ఇంకా తేలిక పెద్దమ్మా" అంది.

ఆ మాటకి పెద్దక్క పడిపోయింది. అప్పట్నుంచి ఆ పిల్ల మాకు బుజ్జి టీచరు.

బుజ్జి టీచరు మంచిదే. ఇది ముందే చెప్పాలి. ఓపికగా చెప్పేది, విసుక్కునేది కాదు. తప్పు చెప్తే "దగ్గరికొచ్చారు" అనేది. దూరంగా పోయినా దగ్గరికొచ్చారనే అనేది. తనకి తెలియనిదాన్ని మాత్రం తెలియదని ఒప్పుకోలేకపోయేది. పెద్దవాళ్ల ముందు లీడరుగా నిలబడ్డ పిల్ల కదా, ఆ వయసుకి అది కష్టమే.

పెద్దక్క చదువు మీద పడ్డ తీరు చూడాలి. మడత బల్ల స్టీలుది. దాని మీద ఆవిరి పట్టి తెల్లగా ఉంటే, అందులో వేలితో 'అ' రాసేది, అది ఆరిపోయేలోపు 'ఆ' రాసేది. రోలరు దగ్గర దుప్పటి అందిస్తూ "క కా కి కీ" అని గొణిగేది. "నా చెవిలో గుణింతం పోయకక్కా, దుప్పటి జారిపోతోంది" అని నేను మొత్తుకునేదాన్ని. ఇంట్లో మొగుడికి చెప్తే, "ఇక నువ్వు ఆఫీసరువైపోయి మా బిల్డింగుకొస్తావు, నేను సలాం కొట్టి లిఫ్టు ఎక్కించాలి" అన్నాడట. ఆ మాట మాకు చెప్తూ ఎంత మురిసిపోయిందో.

గుణింతాలు అయ్యాయి. సున్నా కూడా వచ్చింది. ఇంతలో ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయి. వార్డులు నిండిపోయాయి, మూటలు మెట్ల దాకా పేరుకున్నాయి. సూపర్వైజరు మా భోజనం గంటని సగానికి కోసేశాడు. తిని చెయ్యి కడిగేసరికి ఈల వినిపించేది. పిల్లలు వచ్చి, నిలబడి, వెళ్లిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

జ్వరాలు తగ్గేసరికి బుజ్జి టీచరు మొహం మారిపోయింది. పతకానికి గడువు దగ్గర పడిందట. తర్వాత పరీక్షలు కూడానట. గంటలు ఎలాగోలా నిండుతాయి గానీ, చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. మిగిలింది ఒత్తులు. అక్షరం కింద వేలాడే చిన్న అక్షరాలు.

ఆ రోజు పెద్దక్క గోడ మీదున్న బోర్డు చూపించి తనే చదవబోయింది. మేం పని చేసే గది బోర్డే అది, ఇస్త్రీ గది.

"ఇ... సీ... ఇసీ గది" అంది. వెంటనే ముక్కు మీద వేలేసుకుంది. "ఇసీ ఏంటే? ఛీ అన్నట్టుంది. ఇన్నేళ్లుగా మమ్మల్ని ఇస్సీ అని గోడ మీద రాసి పెట్టారా?"

మాకు నవ్వాగలేదు. బుజ్జి టీచరు వెనకున్న ఇద్దరు పిల్లలూ కడుపు పట్టుకున్నారు. బుజ్జి టీచరు మాత్రం గడియారం వంక చూసింది.

"దాని కింద రెండు చిన్న అక్షరాలు ఉన్నాయి కదా పెద్దమ్మా. అవి ఒత్తులు. వాటికి టైము పడుతుంది. ఇప్పటికి పైదే చదవండి, కిందది వదిలెయ్యండి. మిగతాది మీకే అర్థమైపోతుంది. చూడండి" అని నల్లబల్ల మీద 'అమ్మ' అని రాసింది.

"అ... మ" అంది పెద్దక్క. "అమ... అమ్మా?"

"చూశారా! అర్థమైపోయింది."

'పిల్లలు' రాసింది. "పిలలు... పిల్లలు!" అని పెద్దక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అలా మేం అందరం పైదే చదవడం నేర్చుకున్నాం. నిజం చెప్పొద్దూ, బాగానే నడిచింది. మన నోట్లో ఉన్న మాటే కదా, సగం చూస్తే సగం దానంతటదే వచ్చేస్తుంది. ఉతికిన బట్టలు తీసుకెళ్లే బండ్ల మీద 'శుభ్రం' అని ఉంటుంది. పెద్దక్క దాన్ని శుభం అని చదివి, "బండి బండికీ శుభం అని వేశారేంటే, సినిమా అయిపోయినట్టు" అనేది. అది శుభ్రం అని ఎవరో చెప్పినా కూడా, బండి వెళ్తుంటే "శుభం!" అని చెయ్యి ఊపేది. అదో సరదా అయిపోయింది మాకు.

పతకాలిచ్చే సభ బడి హాల్లో పెట్టారు. మేం కూడా వెళ్లాం, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని. సూపర్వైజరు వచ్చాడు, ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ కూడా వచ్చింది. బుజ్జి టీచరు మైకు ముందు నిలబడి మా లాండ్రీ గురించి చెప్పింది. తర్వాత పెద్దక్కని స్టేజీ మీదకి పిలిచి, ఓ అట్ట ముక్క చేతిలో పెట్టింది. పెద్ద పెద్ద అక్షరాలు. పెద్దక్క అట్టని దూరం పెట్టి, దగ్గర పెట్టి, గొంతు సవరించుకుని చదివింది.

"నేను రోజూ వేడి ఆవిరిలో పని చేసే దానిని. ఇపుడు నా పేరు నేనే రాయగలను. ఇది నేను చదివాను."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేనైతే ఏడ్చేశాను. పెద్ద డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ అట్ట మీద ఒక్క అక్షరం కింద కూడా ఏమీ వేలాడటం లేదన్న సంగతి ఆ హాల్లో ఒక్క బుజ్జి టీచరుకే తెలుసు. ఇప్పుడు అనే మాటని కూడా 'ఇపుడు' అని రాసుకొచ్చింది. స్టేజీ మీద పెద్దమ్మ తడబడకూడదు, నలుగురిలో చిన్నబోకూడదు అనుకుని ఉంటుంది. ప్రేమతోనే చేసింది. పతకం పోతుందేమోనన్న భయం కూడా కాస్త ఉండి ఉండొచ్చు. నేను కాదనను, అవుననను.

తర్వాత కొన్నాళ్లకే చీటీల తాత మానేశాడు. సూపర్వైజరు నేరుగా రోలరు దగ్గరికొచ్చాడు.

"పెద్దక్కా, ఆ కుర్చీలో నువ్వు కూర్చో."

"నేనా సార్?"

"స్టేజీ ఎక్కి చదివినదానివి, చీటీలు చదవలేవా? పెద్ద డాక్టరమ్మ కూడా నీ పేరే చెప్పింది."

ఆ సాయంత్రం బుజ్జి టీచరు, బడికి అప్పజెప్పాల్సిన గంటల లెక్క కార్డు మీద సూపర్వైజరు ఆఖరి సంతకం మిగిలిపోయిందని లాండ్రీకి వచ్చింది. పెద్దక్క ఆ పిల్లని పక్కకి లాక్కెళ్లింది. నేనూ వెంట ఉన్నా.

"తల్లీ, కుర్చీ ఇస్తామంటున్నారు. కిందవి నాకు రావు కదా. ఒప్పుకోనా, మాననా?"

బుజ్జి టీచరు ఎగిరి గంతేసింది. "ఒప్పుకోండి పెద్దమ్మా! చీటీ మీద ఉండేది ఒక్కో మాటే కదా. మీకు అర్థమైపోతుంది. పరీక్షలయ్యాక వచ్చి ఒత్తులు కూడా చెప్పేస్తా."

"ఒట్టు?"

"ఒట్టు."

పెద్దక్క కుర్చీలో కూర్చుంది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాగుంటుంది. మొదటిరోజు ఇంటి నుంచి దిండు తెచ్చుకుంది. వెనక తలుపులోంచి గాలి వస్తుంటే "అబ్బ, ఇక్కడ గాలి కూడా జీతంలో భాగమేనటే!" అంది. కాళ్ల వాపు తగ్గింది. సాయంత్రం బకెట్టు బోర్లించడం మానేసింది. ఓ ఆదివారం మొగుడూ పెళ్లాం నడిచి బజారుకెళ్లొచ్చారట, అదేదో విమానం ఎక్కినంత గొప్పగా చెప్పింది. "కుర్చీ దొరికిన దగ్గర్నుంచి ఇంట్లో కూడా లేవడం మానేసింది, మంచినీళ్లు నేనే తెచ్చివ్వాలి" అని లిఫ్టాయన ఫోనులో నా దగ్గర మొరపెట్టుకున్నాడు. ఆ గొంతులో మొర కంటే మురిపెం ఎక్కువ.

చీటీలు బాగానే చదివేది. 'పిలల వారు' అంటే పిల్లల వార్డు. 'సీల వారు' అంటే స్త్రీల వార్డు. "సీల అంటే ముందు మేకులనుకున్నానే" అని నవ్వేది. తెలియనిది వస్తే మూట తెచ్చిన వార్డు మనిషి యూనిఫాం చూసి పోల్చుకునేది.

రక్తం అంటిన బట్టలు మాత్రం వేరేగా ఎర్ర సంచుల్లో వచ్చేవి. చీటీల తాత వెళ్తూ వెళ్తూ చెప్పాడు, ఎర్ర సంచి కనపడితే చన్నీళ్ల తొట్టిలోకి తోసెయ్యమని. రక్తం ముందు చన్నీళ్లలో నానాలి. వేడినీళ్లలో పడిందంటే మరక ఉడికి, బట్టకి పట్టేస్తుంది, ఇక జన్మలో వదలదు. ఎర్ర రంగు చూడటానికి చదువక్కర్లేదు కదా. పెద్దక్కకి ఆ సంచులతో ఇబ్బందే లేదు.

ఆ ఎర్ర సంచులు అయిపోయాయి. స్టోర్సు వాళ్లు కొత్తవి వచ్చేదాకా తెల్లసంచులే ఇచ్చారు. వాటికి చీటీ కట్టి, దాని మీద 'రక్తం' అని రాసి పంపారు. సంచి మారిందని మాకు ఎవరూ చెప్పలేదు. చీటీ ఉంది కదా, చదివే మనిషి ఉంది కదా అనుకుని ఉంటారు.

పెద్దక్క చదివింది. పైదే చదివింది. ర, క, సున్నా. రకం.

తర్వాత ఆవిడే నాతో అంది, కాసేపు ఆలోచించానే అని. రకం అంటే ఏ రకం? ఏ రకమో రాయకుండా ఉత్తినే రకం అన్నారంటే, రకరకాలవి కలిపి కట్టారన్నమాట, కలగలుపు మూట అనుకుంది. కలగలుపు మూటలు వేడినీళ్ల డ్రమ్ములోకి పోతాయి. అర్థమైపోయింది అనుకుంది. ఎప్పుడూ అలాగే అర్థమైపోయేది కదా.

అవి ఆపరేషన్ గది దుప్పట్లు. పైన గది కొత్తగా కట్టించినప్పుడు కొన్నవి, చలవ చేసిన తెల్లటివి. ఉదయం నుంచి సాయంత్రం దాకా వచ్చిన సంచులన్నీ ఒకదాని వెనక ఒకటి డ్రమ్ములోకి పోయాయి. నా దగ్గరికి రోలరుకి వచ్చేసరికి చూస్తే ఏముంది, ఒక్కో దుప్పటి మీదా తుప్పు రంగు మచ్చలు, పెద్దవీ చిన్నవీ, ఉడికి బిగిసిపోయినవి. నేను దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అటువైపు అందుకునే ఆవిడ "ఏమైందే?" అని అరుస్తోంది.

సూపర్వైజరు చీటీల బుట్ట బోర్లించి, ఓ చీటీ పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు.

"పెద్దక్కా, ఇది చూడలేదా?"

"చూశాను సార్."

"చూసి వేడినీళ్లలో వేయించావా?"

"చదివే వేయించాను సార్. రకం అని ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్వైజరు చీటీ వంక చూశాడు, పెద్దక్క వంక చూశాడు. ఆయనకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"ఇది రక్తం. క కింద త ఉంది, కనపడలేదా?"

పెద్దక్క ఆ చీటీ తీసుకుని, మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "కనపడింది సార్" అంది మెల్లగా.

"కనపడితే మరి?"

పెద్దక్క చీటీని బల్ల మీద పెట్టేసింది. నా నోరు ఊరుకోదు కదా. "కిందవి మాకు చెప్పలేదు సార్! పైదే చదవండి, కిందది వదిలెయ్యండి అన్నారు. అలాగే నేర్పారు" అని అరిచాను.

పెద్దక్క నా వంక చురుగ్గా చూసింది. "నోర్మూసుకోవే. ఆ పిల్ల జోలికెళ్లకు."

సూపర్వైజరు చెడ్డమనిషి కాదు. పైన ఆయన్ని కూడా తిట్టారు, మాకు వినపడేంతగా తిట్టారు. మర్నాడు పొద్దున్నే వచ్చి, పెద్దక్క కళ్లలోకి చూడలేక, గోడ వంక చూస్తూ చెప్పాడు. "నాకు నీ మీద కోపం లేదు పెద్దక్కా. కానీ ఈసారి దుప్పట్లు పోయాయి, రేపు ఇంకేదో అయితే? చదివేవాళ్లే ఉండాలి ఇక్కడ."

"నిజమే సార్" అంది పెద్దక్క. దిండు చంకలో పెట్టుకుని రోలరు దగ్గరికొచ్చి నా పక్కన నిలబడింది. "జరగవే, నా చోటు తినేశావు" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ రోజు గొణుగుడు లేదు, గుణింతం లేదు, 'శుభం' లేదు. రోలరు చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు నాకు.

స్టోర్సులో పనిచేసే కుర్రాడొకణ్ణి తాత్కాలికంగా ఆ కుర్చీలో పెట్టారు.

బుజ్జి టీచరు పరీక్షలయ్యాక వచ్చింది. మాటిచ్చినట్టే వచ్చింది, అది మాత్రం ఒప్పుకోవాలి. మెడలో పతకం, చేతిలో చుట్టిన చార్టు. దాని మీద ఒత్తులన్నీ రంగురంగుల స్కెచ్చులతో రాసుకొచ్చింది. మెట్లు దిగుతూనే "పెద్దమ్మ కుర్చీ ఎక్కడ?" అంది. కుర్చీలో వేరే మనిషిని చూసి ఆగిపోయింది.

పెద్దక్క ఏమీ చెప్పొద్దని నాకు సైగ చేసింది. నేను ఆగలేదు. మొత్తం చెప్పేశాను. దుప్పట్లు, చీటీ, రకం. ఆ పిల్ల మొహంలో రంగు పోవడం నా కళ్ల ముందే జరిగింది.

"నేనే చెప్పాను వదిలెయ్యమని" అంది.

"చెప్తే ఏం? విన్నది నేనేగా" అంది పెద్దక్క.

"ఆ అట్ట మీద కూడా... నేను కావాలనే ఒత్తుల్లేని మాటలు ఏరాను పెద్దమ్మా. అందరూ మీకు చదవడం వచ్చేసిందనుకోవాలని. నాకు తెలుసు రాలేదని." ఏడుస్తోంది. మెడలో పతకం తీసేసింది. "ఇది తిరిగిచ్చేస్తా. సూపర్వైజరుగారితో నేను మాట్లాడతా. నా తప్పని చెప్తా."

"పిచ్చిదానా!" అని పెద్దక్క ఆ పతకం లాక్కుని తిరిగి ఆ పిల్ల మెడలో వేసింది. "నీ పతకమేమన్నా మరకల దుప్పటా, తిరిగి పంపడానికి? ఉంచుకో. నువ్వు చెప్పకపోతే నాకు నా పేరు రాయడం కూడా వచ్చేది కాదు."

అయినా ఆ పిల్ల సూపర్వైజరు దగ్గరికెళ్లింది. ఆయన విన్నాడు. తల ఊపాడు. "నువ్వు మంచి పిల్లవమ్మా, కానీ నేను దుప్పట్లకి జవాబు చెప్పుకోవాలి" అన్నాడు. అంతకంటే ఏమంటాడు?

ఆ పిల్ల వదల్లేదు. ఈసారి పతకం లేదు, గంటలు లేవు, వెనక ఇద్దరు పిల్లలూ లేరు. ఒక్కతే వచ్చేది, వారం వారం. చార్టు గోడకి తగిలించి మాకు ఒత్తులు చెప్పింది. మేం నేర్చుకున్నాం. 'స్త్రీ' రాయడానికి నాకు ఎంత చాకిరీ అయ్యిందో, రాయగలిగిన రోజు అంత గర్వపడ్డాను.

పెద్దక్క మాత్రం రాలేదు. భోజనం టైములో కూడా రోలరు దగ్గరే నిలబడి ఏదో ఒకటి తుడుస్తూ, సర్దుతూ ఉండేది. బుజ్జి టీచరు పిలిస్తే, "మీరు కానివ్వండి తల్లీ, నాకు పనుంది" అనేది. పిల్ల దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంటే, తల నిమిరి పంపేసేది. కోపం కాదు. కోపమైతే ఎలాగో కరిగించేవాళ్లం.

ఓసారి నేనే గట్టిగా అడిగాను. "ఎందుకక్కా మొండి? అంత ఇష్టంగా నేర్చుకున్నావు."

"నాకు ఇప్పుడు ఏ మాట చూసినా భయమేనే" అంది. "పైది కనపడుతుంది. కింద ఇంకేముందో అనిపిస్తుంది. అమ్మ అని రాసున్నా అది అమ్మ కాదేమో అనిపిస్తుంది. చదువు రానప్పుడు ఈ భయం లేదు."

ఆవిడ చెప్పింది బుజ్జి టీచరుకి చెప్పలేదు నేను. ఈ ఒక్కటీ చెప్పలేదు.

స్టోర్సు కుర్రాడు వేరే పని చూసుకుని వెళ్లిపోయాడు. సూపర్వైజరు మళ్లీ రోలరు దగ్గరికొచ్చాడు. ఈసారి నా వైపు తిరిగాడు. బల్ల దగ్గరికి తీసుకెళ్లి, చీటీలన్నీ నా ముందు పోసి చదవమన్నాడు. శస్త్రచికిత్స దగ్గర చెమటలు పట్టాయి గానీ, కిందవీ పైవీ అన్నీ చదివాను. రక్తం కూడా చదివాను.

"నాకొద్దక్కా" అన్నాను పెద్దక్కతో ఆ రోజు. "ఆ కుర్చీ నీది."

"నాదెలా అవుతుందే? కూర్చో. లేకపోతే ఎవడో బయటివాడొచ్చి కూర్చుంటాడు. నీ కాళ్లు ఇంకా బాగున్నాయి, అలాగే ఉంచుకో."

కూర్చున్నాను. గాలి నిజంగానే బాగుంది అక్కడ. రోలరు వైపు చూడకుండా ఉండటానికి బల్ల కాస్త తిప్పుకుందామనుకున్నా, తిప్పలేదు. పెద్దక్క పక్కన అందించడానికి కొత్త పిల్ల వచ్చింది. పెద్దక్క మళ్లీ బకెట్టు బోర్లించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎన్నాళ్లో చెయ్యలేకపోయింది, కాళ్లలో పుళ్లు పడ్డాయి, లిఫ్టాయనే వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లిపోయాడు. రిటైరయ్యేదాకా కూడా ఉండలేకపోయింది.

నేను కుర్చీలో చేరిన మొదటివారంలోనే ఓ మధ్యాహ్నం మంచినీళ్లు తాగడానికి అటుగా వచ్చింది. మూటల మధ్య నన్ను కాసేపు చూస్తూ నిలబడింది.

"ఎలా ఉందే కుర్చీ?"

"బాగుందక్కా."

"వెనక్కి ఆనుకుని కూర్చో. అంచు మీద కూర్చున్నావేంటి? నేనూ అలాగే కూర్చున్నా ఉన్నన్నాళ్లూ. ఎప్పుడెవరు లేవమంటారో అని. ఆ సుఖమేదో పూర్తిగా అనుభవించి ఉండాల్సింది."

గ్లాసు కడిగి బోర్లించింది. అవతల ఈల వినిపించింది. వెళ్లి తడి దుప్పటి మూల అందుకుంది.